స్థానికవార్తయు జనగోష్ఠియు

వార్తాశబ్దమునకు సంస్కృతమున రెండర్థములు ప్రసిద్ధములు. ఒకటి ఉదంతము, రెండవది జీవనోపాయము. అమరసింహుడు ఈ శబ్దమును మొదటికాండమున శబ్దాదివర్గమందు ప్రవృత్తికి బర్యాయముగాను, రెండవకాండమున వైశ్యవర్గమందు జీవికకు బర్యాయముగాను జెప్పియున్నాడు. కౌటిల్యుడు విద్యలను నాలుగుగా విభజించి, అందు వార్తయను విద్యకు కృషి, పాశుపాల్యము, వాణిజ్యము అను మూడును విషయములని నిర్ణయించెను. వైయాకరణులు వృత్తిశబ్దముమీద మత్వర్థమున ణప్రత్యయమును విధించి, ఆదివృద్ధిచే వార్త్తాశబ్దమును సాధింతురు. తెలుగున నది ‘వార్త’ యైనది. ఏ పల్లెలోనైనను నలుగురు కూడినచోట మొదట విననగు మాట వాన గురించియో, విత్తనము గురించియో, సంతధర గురించియో యుండును. కావున బ్రతుకుదెరువునకును సమాచారమునకును ఒకే పేరుండుట యాకస్మికము గాదు.

ఇట్టి వార్తకు దోడైనది గోష్ఠి. గోవులు నిలుచు తావు గోష్ఠము. దానినుండి జనులు కూడి మాటలాడు సభకు గోష్ఠియను పేరు రూఢమయ్యెను. తెలుగున దానికి సరియగు దేశ్యవ్యవహారము రచ్చ. ఇది రథ్యాశబ్దభవమని నిఘంటుకారుల మతము. రథ్యయనగా వీథి. వీథిలో నలుగురు కూర్చుండు తావు రచ్చబండ. కాని యీ రచ్చశబ్దమునకే కలహము, అల్లరి యను నర్థము గూడ లోకమున వ్యాపించినది. ‘రచ్చకెక్కుట’ యన్నప్పుడు న్యాయసభకు బోవుటయు, పరువు పోగొట్టుకొనుటయు రెండును దోచును. ఒకే గోష్ఠి సత్యమును దేల్చుటకును, అపవాదును బెంచుటకును దగియుండునని మన భాషయే చెప్పుచున్నది.

ఊరివారు తమ వార్తను దామే కూర్చుకొని, పదుగురిలో జెప్పుకొని, పదుగురిచే సరిదిద్దుకొనుట యను నాచారము తెలుగుదేశమున నెట్లు నడచినది, ఎచ్చట నాగినది, ఎట్లు మరల దలయెత్తినది యని విచారించుట యీ వ్యాసమునకు విషయము. ఈ చరిత్రలో రెండు ప్రశ్నలు మాటిమాటికి ఎదురగుచుండును. వార్తను బరీక్షించు గోష్ఠి యున్నదా? ఉన్నయెడల అందెవరికి జోటున్నది? మొదటి ప్రశ్నకు లేదని యుత్తరమైనచోట వార్త వదంతిగా మారినది. రెండవ ప్రశ్నకు కొందరికే యని యుత్తరమైనచోట వార్తయు గొందరిదే యైనది.

ప్రాచీనకాలమున వార్తను స్థిరముగా నిలుపుటకు శాసనము, వెంటనే వ్యాపింపజేయుటకు చాటింపు సాధనములుగా నుండినవి. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన యభయశాసనము దీనికి మంచి నిదర్శనము. తుపానులకు జిక్కి యొడ్డునకు గొట్టుకొనివచ్చిన నావలలోని సరకును బూర్వరాజులు హరించుచుండగా, గణపతిదేవుడు ఆ యాచారమును మాన్పి, నియతమైన సుంకమును మాత్రమే గైకొందునని యందు బ్రకటించెను. ఆ వార్త చేరవలసినవారు ఓడవర్తకులు. కావున శాసనము రేవునందే నిలువబడినది. వార్త యెవరికి సంబంధించునో వారి కంటబడునట్లుంచుట స్థానికవార్తకు మొదటి ధర్మము. ఆ కాలపు గ్రామశాసనములందు ‘అష్టాదశప్రజ’ యను మాట పలుతావుల గానవచ్చును. ఊరిలోని నానావృత్తులవారి సమక్షమున దానధర్మములు స్థిరపడుచుండెనని దీనివలన దెలియును.

చాటింపు మార్గము వేరు. తప్పెట గొట్టి వీథివీథి దిరిగి కేకవేసి చెప్పు పని పల్లెలలో మాలమాదిగల వెట్టిపనులలో నొకటిగా నుండెను. వెట్టిశబ్దము విష్టిశబ్దభవము, విష్టియనగా గూలియీయక చేయించుకొను పని. పన్నుల గడువు, అధికారి రాక, జాతరదినము, కాలువనీటి వంతు మొదలగు వార్తలన్నియు నతని నోటనే వెడలుచుండెను. ఊరిలో నెల్లర కంటె మొదట వార్త యెరిగినవాడు నతడే. రచ్చబండపై గూర్చుండి యా వార్తనుగూర్చి యొక మాట పలుకుట కధికారము లేనివాడును నతడే. స్త్రీలకును రచ్చలో స్థానము లేకుండెను. నీటి వంతులో నన్యాయము జరిగినచో దానిని జాటుమని తప్పెటవానితో జెప్పువారు లేరు. ఆ గోష్ఠిని గొనియాడు చరిత్రకారులు ఈ లోపమును మరువరాదు.

ముద్రణము వచ్చిన పిదప వార్త కాగితమున కెక్కెను. 1874లో కందుకూరి వీరేశలింగముగారు స్థాపించిన వివేకవర్ధిని దేశాంతరవార్తలతో దృప్తినొందక, రాజమహేంద్రవరపు బరిసరములలో నుద్యోగుల లంచగొండితనమును, వేశ్యాసంపర్కమును, శుల్కవివాహములను బేరుపెట్టినట్లే యెత్తిచూపినది. చదువరులకు ఆ దూషణకు గురియైన వారెవరో తెలియును. గురియైనవారికి వ్రాసిన వారెవరో తెలియును. ఉభయులు నొకే పట్టణమున వసించువారు. ఇందువలన బత్రికాకర్తకు శత్రువులు పెరిగిరి గాని, వ్రాసినదానికి బ్రమాణము చూపవలసిన బాధ్యతయు నంతకంత బెరిగెను. 1878లో వీరేశలింగముగారు సంఘసంస్కరణసమాజమును నెలకొల్పిరి. పత్రిక చెప్పిన మాటను సమాజము చర్చించుట, సమాజమున నిశ్చయించినదానిని బత్రిక ప్రకటించుట యను నన్యోన్యత యిట్లేర్పడెను. 1881 డిసెంబరు 11వ తేదిని రాజమహేంద్రవరమున జరిగిన ప్రథమ వితంతువివాహము నొక్క పత్రికయే చేయింపగలిగెడిది గాదు. ఒక్క సమాజమే చేయింపగలిగెడిదియు గాదు.

ఈ యన్యోన్యత నిజాంరాష్ట్రమున మిక్కిలి కఠినమైన పరీక్షకు బాల్పడెను. అచ్చట బ్రజలలో నధికసంఖ్యాకుల భాష తెలుగు. రాజభాష మొదట ఫారసీ, తరువాత ఉర్దూ. పాఠశాలలలో దెలుగునకు దగిన తావు లేకుండెను. ఇట్టి స్థితిలో 1901 సెప్టెంబరు 1వ తేదిని హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసెను. రావిచెట్టు రంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు, మునగాలరాజగు నాయని వేంకటరంగారావు మొదలగువారు దీనికి మూలపురుషులు. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయము స్థాపితమయ్యెను. వీనిని గేవలము పుస్తకములు దాచు నిండ్లుగా దలచుట పొరపాటు. అచ్చటికి బత్రికలు వచ్చుచుండెను, వచ్చిన పత్రికను జదువుటకు జనులు కూడుచుండిరి, కూడినవారు మాటలాడుకొనుచుండిరి.

గోష్ఠి యావశ్యకతను దెలుగువారి మనస్సున నాటినది 1921 నవంబరునాటి యొక యవమానము. హైదరాబాదు వివేకవర్ధిని రంగశాలలో సంఘసంస్కారసభ జరుగుచుండగా, ఇతరభాషలలో నుపన్యాసములు సాగినవి. ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున నుపన్యసింప బూనగా సభలోని కొందరు గేలిసేసి యల్లరి చేసిరి. ఆనాడే కొందరు తెలుగువారు వేరుగా గూడి యాంధ్రజనసంఘమును నెలకొల్పిరి. మాడపాటి హనుమంతరావుగారి దీర్ఘకాలసేవ దీనితో ముడివడినది. తమ పట్టణములోని సభలో దమ భాషకు జోటు లేదని తెలిసినపుడు తమ సభను దాము గట్టుకొనుటయే వారు చూపిన మార్గము.

మరుసటి యేడే, అనగా 1922లో, తెలంగాణమున రెండు వారపత్రికలు పుట్టినవి. ఒకటి నల్లగొండలో షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారు నడపిన నీలగిరిపత్రిక. రెండవది ఇనుగుర్తి గ్రామమున ఒద్దిరాజు సోదరులు నడపిన తెనుగుపత్రిక. ఇనుగుర్తి నేటి మహబూబాబాదు జిల్లాలోనిది. సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అను నా సోదరులిద్దరును బహుభాషాపండితులు. సంస్కృతాంధ్రములతోబాటు పరభాషలు గూడ నేర్చినవారు. అంతకుముందే విజ్ఞానప్రచారిణీ గ్రంథమాలను స్థాపించి గ్రంథములు ప్రకటించుచుండిరి. పత్రికను వారు రాజధానికి దరలిపోయి నడపలేదు. తమ పల్లెకే ముద్రాయంత్రమును దెప్పించిరి. వ్రాయుట, అక్షరములు గూర్చుట, అచ్చువేయుట యను పనులన్నియు వారి చేతిమీదుగనే జరిగినవి.

ఈ విషయము సామాన్యముగా దోపవచ్చును గాని సామాన్యము గాదు. వార్త రాజధానిలో బుట్టి పల్లెకు జేరుట లోకరీతి. పల్లెలో బుట్టిన వార్త పల్లెలోనే యచ్చుపడి యితరగ్రామములకు బోవుట ఆ దినములలో నపూర్వము. ఇనుగుర్తివారికి బత్రికాధిపతుల యిల్లు తెలియును, వారి తలవాకిలి తెలియును. తప్పు వ్రాసినచో నా వాకిట నిలిచి యడుగవచ్చును. చట్టము లేకయే వార్తకు సాక్ష్యమును గోరు న్యాయస్థానము ఆ వాకిట నుండెను. తెనుగుపత్రిక కొన్నియేండ్లు మాత్రమే నడచినది. కాని పల్లె యనునది వార్తను గ్రహించు పాత్ర మాత్రమే గాక వార్తకు జన్మభూమియు గాగలదని నిరూపించి నిలిచినది.

1926 మే 10వ తేదిని హైదరాబాదున వెలువడిన గోలకొండపత్రిక యీ ధర్మమును రాష్ట్రమంతటికి విస్తరింపజేసెను. సంపాదకులు సురవరము ప్రతాపరెడ్డిగారు. ఆ పత్రికకు బల్లెలనుండి జాబులు వచ్చుచుండెను; పల్లెపల్లెను నేమి జరుగుచున్నదో యా జాబులవలన బైటపడుచుండెను. ఇట్టి సంబంధమెంత గాఢమైనదో యొక సంఘటనము చెప్పును. తెలంగాణమున దెలుగు కవులు పూజ్యమని యొకరు వ్రాయగా, ప్రతాపరెడ్డిగారు దానికి వాదముతో బ్రతివచనమీయలేదు. జిల్లాలనుండి కవుల పద్యములను, వివరములను దెప్పించి, 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండకవులసంచికను బ్రకటించిరి. అంతమంది కవులు ఒక్క సంపాదకునకు దెలిసియుండుట యసంభవము. ఊరూర జదువరులుండుటచేతను, ఆ చదువరులు తమ యూరి సంగతిని వ్రాసి పంపు నలవాటు గలవారగుటచేతను ఆ గ్రంథము సాధ్యమయ్యెను. నేటి సాహిత్యచరిత్రకారులకు బ్రమాణగ్రంథమైన యా సంచిక నిజమునకు స్థానికవార్తాహరుల సమష్టికృతి.

ఇట్లు వార్త పెరుగగా బ్రభుత్వదృష్టి గోష్ఠిపై బడెను. సభ జరుపవలెనన్న ముందుగా బ్రభుత్వానుజ్ఞ బడయవలెనని ‘గస్తీ నిషాన్ 53’ అను నుత్తరువు నిర్బంధించెను. ఆంధ్రమహాసభవారు దీనిని రద్దుపరుపవలెనని పలుమారులు కోరిరి. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను జరిగిన ప్రథమాంధ్రమహాసభ గూడ ననుజ్ఞకు లోబడియే జరుగవలసివచ్చెను. ప్రభుత్వము పత్రికలను మాత్రమే గాక సభలను గూడ నింతగా శంకించుటకు గారణము స్పష్టము. ఒంటరిగా జదివినవాడు చదివి యూరకుండును, పదుగురిలో జదివినవాడు పక్కవానిని జూచి “మన యూరను నిట్లే గదా!” యనును. ఆ మాటతో వార్త కార్యమునకు దారితీయును.

కోస్తాజిల్లాలలో సభలకంతటి యాటంకము లేకుండుటచే గ్రంథాలయోద్యమము విరివిగా వ్యాపించెను. 1914 ఏప్రిల్ నెలలో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథభాండాగార ప్రతినిధుల ప్రథమసభ చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి యధ్యక్షతను జరిగెను. దాని వెనుక నిలిచి శ్రమించినవారు అయ్యంకి వేంకటరమణయ్యగారు. గ్రామపఠనమందిరములలో సాయంకాలము దీపముపెట్టి యొకరు పత్రికను జదువగా, అక్షరములు రానివారు చుట్టును గూర్చుండి వినుచుండిరి. వినువారు ప్రశ్నింతురు, చదువువాడు సమాధానము చెప్పలేనిచో మరునాడు తెలిసికొని చెప్పును. ఒకే పత్రికాప్రతి యనేకుల చెవులకు జేరుచుండెను. 1935లో పెదవడ్లపూడి సేవాశ్రమ వాణీమందిరము పక్షమున పాతూరి నాగభూషణముగారు కాలువపై బడవలో గ్రంథాలయమును నడపిరి. పల్లెకు రాని పుస్తకమును నీటిదారిని బల్లె ముంగిటికే తెచ్చిన యా ప్రయత్నము దేశచరిత్రలో స్మరింపదగినది.

స్వాతంత్ర్యానంతరము దినపత్రికలు పెద్ద సంస్థలయ్యెను. వార్త నగరమున సిద్ధమై పల్లెకు దిగుమతియగు పద్ధతి మరల బలపడినది. దీనికి బ్రతిక్రియగా 1989 ప్రాంతమున జిల్లాపుటలు వేరుగా నచ్చువేయు నాచారము తెలుగు దినపత్రికలలో నారంభమయ్యెను. ఊరిబావి యెండుట, వంతెన కూలుట, పాఠశాలకు నుపాధ్యాయుడు రాకుండుట మొదలగు సంగతులు నిత్యము ముద్రణమునకెక్కినవి. ఇది గొప్ప మేలు. కాని విలేఖరి యొకడు, సంపాదకుడు వేరొకడు, యజమాని మరియొకడు నగుటచే, తప్పు జరిగినయెడ నెవరి వాకిట నిలిచి యడుగవలెనో పల్లెవానికి దెలియకపోయెను. ఇనుగుర్తిలో నున్న సౌలభ్యము ఇందు లేదు.

ఇంతలో గోష్ఠి, యెన్నడును దానికి జోటులేనివారి నడుమ బుట్టెను. నెల్లూరుజిల్లాలో నక్షరాస్యతోద్యమము నడచుచుండగా రాత్రిబడులకు స్త్రీలు వచ్చి చదువ నేర్చుచుండిరి. వారి వాచకములలో మగని త్రాగుడుచే గాపురము చెడిన సీతమ్మ యను నొక యిల్లాలి కథ యుండెను. పాఠము ముగిసిన పిదప నా స్త్రీలు మాటలాడుకొనిరి. కథలోని సంగతి తమ యిండ్ల సంగతియేయని గ్రహించిరి. దూబగుంట గ్రామస్త్రీలు సారాయంగడిని మూయించిరి. 1992లో నీ వార్త జిల్లాపుటలద్వారా యూరూర బ్రాకగా, స్త్రీలు పలుతావుల సారాపాటలను నిలువరించిరి. 1993 అక్టోబరు 1వ తేదినుండి ఆంధ్రప్రదేశమున సారా నిషిద్ధమయ్యెను. 1995లో మద్యనిషేధము సంపూర్ణముగా నమలునకు వచ్చెను. ఈ రెండవ నిషేధము రెండేండ్లకే సడలింపబడినదనుట నిజమే. అయినను జరిగినదాని క్రమమును గుర్తింపవలెను. మొదట గోష్ఠి, పిమ్మట కార్యము, ఆ పిమ్మట పత్రిక. పత్రిక యా నిప్పును రగిల్పలేదు; రగిలినదానిని గాలివలె వ్యాపింపజేసినది. నూరేండ్లకు బూర్వము రచ్చలో జోటులేని స్త్రీలు రాత్రిబడిని రచ్చగా మార్చుకొనిరి.

తరువాత స్త్రీలే వార్తాకర్తలైరి. 2001లో చిత్తూరుజిల్లా పొదుపుసంఘముల స్త్రీలు ‘నవోదయం’ అను పత్రికను నడపసాగిరి. వ్రాయువారు గ్రామీణస్త్రీలు, చదువువారును సంఘముల స్త్రీలే. జహీరాబాదు ప్రాంతమున మాచనూరులో దక్కను అభివృద్ధిసంఘము తోడ్పాటుతో దళితస్త్రీలు ‘సంఘం రేడియో’ను నెలకొల్పిరి. ఆకాశతరంగములు ప్రజల సొత్తని 1995లో సుప్రీంకోర్టు తీర్పుచెప్పియుండెను. స్వచ్ఛందసంస్థలకు సముదాయరేడియో ననుమతించు విధానమును బ్రభుత్వము 2006లో బ్రకటించెను. ఆ స్త్రీలు అంతకు జాలకాలము పూర్వమే ధ్వనిముద్రణము నేర్చి, తమ ముద్రికలను సంఘసమావేశములలో వినిపించుచుండిరి. 2008 అక్టోబరు 15వ తేదిని వారి కేంద్రము ప్రసారమారంభించెను. తైదలు, జొన్నలు, కొర్రలు, విత్తనము దాచు పద్ధతి, పశువుల రోగములు, పండుగపాటలు — ఇవియే వారి ప్రసారవిషయములు. కౌటిల్యుడు వార్తావిద్యకు జెప్పిన విషయములలో మొదటి రెండును, కృషియు బాశుపాల్యమును, ఇందు యథాతథముగా గానవచ్చుచున్నవి. వార్తయనుశబ్దమునకు గల రెండర్థములును మాచనూరులో నేకమైనవి.

పండితులకిచ్చట నొక శంక పొడమవచ్చును. వారి ప్రసారము జహీరాబాదు పల్లెపలుకుబడిలో జరిగినది గదా, అట్టి భాష ప్రమాణమగునా యని. దీనికి బతంజలియే సమాధానము చెప్పియున్నాడు. మహాభాష్యమున నొక కథ గలదు. ఒక వైయాకరణుడు రథమును జూచి, దీనికి ‘ప్రవేత’ యెవడని యడిగెను. రథము దోలు సూతుడు తానే దానికి ‘ప్రాజిత’నని యుత్తరమిచ్చెను. అది యపశబ్దమని వైయాకరణుడాక్షేపించెను. అంతట సూతుడు, సూత్రప్రాప్తిని మాత్రమే యెరిగి యిష్టప్రయోగము నెరుగని వాడవని వైయాకరణునే పరిహసించెను. భాష్యకారుడు సూతుని పక్షమునే నిలిపెను. రథమును దోలువానికి రథమునకు సంబంధించిన మాట తెలిసినట్లే, విత్తనము విత్తువారికి విత్తనమునకు సంబంధించిన మాట తెలియును. శాస్త్రగ్రంథములకు గ్రాంథికము తగియుండుగాక. ఊరివార్తకు ఊరిమాటయే సాధువు. ఏలయన విన్నవారు తప్పును బట్టుకొనవలెనన్న, చెప్పినది వారి పలుకులో నుండవలెను.

గోష్ఠి లోపించినపుడు వార్త యేమగునో యిటీవలి చరిత్ర దుస్సహముగా జూపెను. సెల్‌ఫోను ప్రతిగృహమునకు జేరిన పిమ్మట వార్త చెప్పుటకు ముద్రాయంత్రముతో బనిలేదు, అనుజ్ఞతో బనిలేదు. ఇది యొకవిధమున స్వేచ్ఛకు బరాకాష్ఠ. కాని 2018 మేనెలలో, బిడ్డల నెత్తుకొనిపోవు దొంగలు తిరుగుచున్నారను వదంతి తెలంగాణాంధ్రప్రదేశములలో ఫోనునుండి ఫోనునకు బ్రాకినది. చిత్రములెక్కడివో చూచినవారికి దెలియదు. పంపిన మొదటివాడెవడో యెవరికిని దెలియదు. క్రొత్తవారు కనబడినచో జనులు పైబడి కొట్టసాగిరి. హైదరాబాదు చాంద్రాయణగుట్టవద్ద భిక్షాటనమునకు వచ్చిన హిజ్రాలపై గుంపు విరుచుకొనిపడగా నొకరు ప్రాణములు గోల్పోయిరి. ఆ గుంపును గూడ జనసమూహమే యనవచ్చును గాని గోష్ఠి యనరాదు. గోష్ఠిలో నిందితునకు మాటలాడు నవకాశముండును. గుంపులో నది లేదు. రచ్చశబ్దము యొక్క రెండవ యర్థము మాత్రమే యచ్చట మిగిలినది.

అదే సమయమున జోగులాంబ గద్వాల, వనపర్తి ప్రాంతములలో జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరిగారు వేరొక మార్గము ద్రొక్కిరి. ఊరికొక పోలీసును నియమించి, అతడు తన యూరి జనులతో గలసిమెలసి యుండునట్లు చేసిరి. సిబ్బందిలో బాడగలవారిని, జానపదకళాకారులను బల్లెలకు బంపి, డప్పు వాయించి పాటపాడి, ఆ చిత్రములు కల్లయని జనులకు జెప్పించిరి. వింతయేమన, వదంతి నాపుటకు మరల బనికివచ్చినది డప్పే! కాని యీ డప్పు వెనుకటి తప్పెట గాదు. వెనుకటి చాటింపులో ఒకడు కేకవేయగా నందరును వినిరి. ఇందు పాట ముగిసిన పిమ్మట జనులు ప్రశ్నించుట కవకాశముండెను. తమ ఫోనునకు వచ్చినదానిని జూపి నిజమా యని యడుగుట కెదుట మనిషి యుండెను. ఫోనున లేనిది యిదియే.

ఈ చరిత్రవలన దేలిన యంశమును సంగ్రహింపవచ్చును. మోటుపల్లి శాసనమునుండి మాచనూరు రేడియో వరకు వార్తాసాధనములు మారినవి. రాయి, తప్పెట, అచ్చు, ఆకాశతరంగము, ఫోను వరుసగా వచ్చినవి. సాధనము మారుటచేతనే వార్త మేలుగాని కీడుగాని కాలేదు. చెప్పినవాడు తెలిసినవాడై, విన్నవాడు ప్రశ్నింపగలవాడై, వార్త యెవనిగూర్చినదో వానికిని సభలో జోటున్నచో నది యూరిని నిలిపినది. ఈ మూడింటిలో నొకటి లోపించినను నేదో యొక హాని కలిగినది. పూర్వపు రచ్చలో మూడవది లేదు. పెద్ద పత్రికలలో రెండవది సన్నగిల్లినది. ఫోనువదంతిలో మొదటిదియే లేదు.

పరిశోధకులకును బాఠశాలాపండితులకును దీనివలన రెండు పనులు కర్తవ్యములుగా దోచుచున్నవి. మొదటిది భద్రపరచుట. తెనుగుపత్రిక, నీలగిరిపత్రికల సంచికలు నేడు మిక్కిలి దుర్లభములు. ఒక పల్లెలో బుట్టిన పత్రిక యా పల్లెలోనైన దొరకకపోవుట సాహిత్యసంఘములకు దీరని కొరత. ఎవరి యింటి యటుకపై నొక సంచికయైన మిగిలియున్నదేమో వెదకించుట, దొరికినదానికి బ్రతులు తీయించుట, ఊరిపెద్దల జ్ఞాపకములను వ్రాయించుట యాలసింపరాని పనులు. ఫోనులలో నేడు వాడవాడ వెలువడుచున్న వార్తలు అంతకంటె శీఘ్రముగా నశించుచున్నవి. వానిలో యోగ్యమైనదానిని దేదితో, చెప్పినవారి యనుమతితో వ్రాసి యుంచినచో రేపటి చరిత్రకారునకు నదియే శాసనము.

రెండవది గోష్ఠిని బునరుద్ధరించుట. ఊరిబడిలోగాని గ్రంథాలయములోగాని వారమున కొకసాయంకాలము, ఆ వారము తమ వాడలో ఫోనులద్వారా వచ్చిన వార్తలను జదివి, ఎదుటివారి సమక్షమున నిజానిజములు తేల్చుకొనుట కష్టమైన పని గాదు. నూరేండ్లనాడు పఠనమందిరములలో దీపము ముందర గూర్చుండి పత్రిక చదివి వినిపించినవారు చేసిన పని యిదియే. ఆ సభలో దప్పెట వాయించువాని మనుమడును, రాత్రిబడికి వచ్చిన యిల్లాలి కూతురును ముందువరుసను గూర్చుండునట్లు చూచుట పండితుల బాధ్యత. అట్లు కూర్చుండినవారు పలికినపుడు ఒక్కొక్క మాట సూత్రవిరుద్ధముగా నుండవచ్చును. సూతుని కథ చదివిన పండితుడు వారిని దిద్దుటకు దొందరపడక, ముందు వారు తెచ్చిన వార్తను వినవలెను.